ఇండియా నుంచి వచ్చిన పిల్లలు టెక్సస్ ప్రభుత్వ హైస్కూలు జట్టులో ఆడవచ్చునా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. గుంటూరులో ఉన్న మా తమ్ముడి కుమారుడికి పదహారేళ్లు. పదో తరగతి పూర్తయింది. టెన్నిస్ బాగా ఆడతాడు, టోర్నమెంట్లలో బహుమతులు కూడా గెలిచాడు. వాణ్ణి మా ఇంట్లో ఉంచుకుని, ఇక్కడి ప్రభుత్వ హైస్కూలులో చేర్పించి, స్కూలు జట్టులో ఆడించాలని మా ఆలోచన. నన్ను గార్డియన్‌గా చూపిస్తూ గుంటూరులో నోటరీ అఫిడవిట్ చేయిస్తే సరిపోతుందా? విజిటర్ వీసా మీద వచ్చి స్కూలులో చేరవచ్చునని కొందరు చెబుతున్నారు, నిజమేనా? ఈ జనవరిలో నా భార్యతో పాటు హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబ సభ్యులకు ఇచ్చేది) మీద హైదరాబాదు నుంచి వచ్చిన మా అమ్మాయికి పదిహేనేళ్లు. ప్రస్తుతం ఇంటి వద్దే చదువుకుంటోంది. ఆమె స్కూలు తరఫున పరుగు పందాలలో పాల్గొనవచ్చునా?

సమాధానం: మీ అమ్మాయికి అవకాశం ఉంది. మీ తమ్ముడి కుమారుడికి మాత్రం మీరు అనుకున్న మార్గంలో ప్రధాన జట్టులో, అంటే వార్సిటీ జట్టులో, ఆడే అవకాశం దాదాపు లేదు. అఫిడవిట్ వల్ల ఆ పరిస్థితి మారదు. ఇటువంటి విషయాలలో మన కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఒకచోట దొరికిన అనుమతిని అన్నిచోట్లా చెల్లే అనుమతిగా భావించడం వల్లనే. పిల్లవాడు దేశంలో ఏ హోదాతో ఉండాలో ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టం నిర్ణయిస్తుంది. స్కూలులో చేర్చుకోవాలా వద్దా అన్నది టెక్సస్ విద్యా చట్టాన్ని అనుసరించి స్కూల్ డిస్ట్రిక్టు, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ, నిర్ణయిస్తుంది. జట్టులో ఆడే అర్హత, టెక్సస్ ప్రభుత్వ స్కూళ్ల మధ్య పోటీలను నిర్వహించే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్, అంటే యు.ఐ.ఎల్., నియమాలను బట్టి ఉంటుంది. ఈ మూడింటినీ విడివిడిగా దాటాలి.

ముందుగా విజిటర్ వీసా సంగతి. బి-2 హోదాలో ఉన్న వ్యక్తి చదువుకోసం స్కూలులో చేరడం ఆ హోదాను ఉల్లంఘించడమే అవుతుంది. "ఫలానా వారి పిల్లవాడిని స్కూలువారు వీసా అడగకుండానే చేర్చుకున్నారు" అని మీకు చెప్పినవారి మాట నిజమే కావచ్చు. టెక్సస్‌లోని టైలర్ స్కూల్ డిస్ట్రిక్టు నుంచి వచ్చిన ప్లైలర్ వర్సెస్ డో కేసులో 1982లో అమెరికా సుప్రీంకోర్టు, ఇమిగ్రేషన్ హోదా లేదన్న కారణంతో పిల్లలకు ఉచిత పాఠశాల విద్యను నిరాకరించరాదని తీర్పునిచ్చింది. ఆ తీర్పు బడి తలుపు తెరుస్తుంది గాని వీసా ఉల్లంఘనను మాఫీ చేయదు. స్కూలు అడగకపోయినా, రేపు కాన్సులేటు అధికారి అడుగుతారు. కాలేజీ చదువుకు మళ్లీ వీసా కోరవలసిన పిల్లవాడి రికార్డులో ఇటువంటి మచ్చ పడనివ్వవద్దని మీకు గట్టిగా చెబుతున్నాను.

ఇక ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా. ప్రభుత్వ హైస్కూలులో ఎఫ్-1 హోదాతో చదివే విద్యార్థికి 1996లో చేసిన చట్టం రెండు షరతులు పెట్టింది. అన్నీ కలిపి పన్నెండు నెలలకు మించి చదవరాదు. ఆ చదువుకు డిస్ట్రిక్టుకు అయ్యే పూర్తి ఖర్చును, ఎటువంటి రాయితీ లేకుండా, ముందుగానే చెల్లించాలి. పెదనాన్నగారు ఫ్రిస్కోలో ఆస్తి పన్ను కడుతున్నారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పైగా, ఎఫ్-1 వీసాకు ఆధారమైన ఐ-20 పత్రాన్ని జారీ చేసే అనుమతి ఆ డిస్ట్రిక్టుకు ఉండాలి. ఈ షరతులను ఉల్లంఘించినవారు, దేశం వెలుపల వరుసగా ఐదేళ్లు గడిపేవరకు తిరిగి ప్రవేశించడానికి అనర్హులవుతారు.

స్కూలు ప్రవేశం విషయంలో టెక్సస్ విద్యా చట్టంలోని 25.001 సెక్షన్‌ను మీరు తప్పక గమనించాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు తల్లిదండ్రులకు, చట్టబద్ధ గార్డియన్‌కు దూరంగా వేరొకరి ఇంట్లో ఉంటూ ఆ ప్రాంతపు ప్రభుత్వ బడిలో చేరాలంటే, వారు అక్కడికి రావడంలోని ప్రధాన ఉద్దేశం ఆటల వంటి కార్యక్రమాలలో పాల్గొనడం కాదని చూపించాలి. మీరు రాసిన ఉత్తరంలోనైతే ప్రధాన ఉద్దేశం టెన్నిసేనని స్పష్టంగా కనబడుతున్నది. ఆ ఉద్దేశాన్ని దాచి వేరే కారణం రాయమని ఏ న్యాయవాదీ మీకు సలహా ఇవ్వకూడదు, నేనూ ఇవ్వను.

ఇవన్నీ దాటినా యు.ఐ.ఎల్. నివాస నియమం మిగిలే ఉంటుంది. వార్సిటీలో ఆడే విద్యార్థి తల్లిదండ్రులు ఆ స్కూలు పరిధిలో నివసించాలన్నది మూల సూత్రం. తల్లిదండ్రులు జీవించి ఉండగా కోర్టు గార్డియన్‌ను నియమిస్తే, విద్యార్థి ఆ గార్డియన్ వద్ద ఏకధాటిగా ఒక సంవత్సరం నివసించిన తరువాతనే ఆ ఇంటిని అతని నివాసంగా పరిగణిస్తారు. కోర్టు ఉత్తర్వు లేకపోతే, మీ పోషణలో మూడేళ్లు ఉన్నట్టు చూపాలి. గుంటూరు నోటరీ పత్రం ఈ రెండింటిలో ఏదీ కాదు. ఆటకోసమే స్కూలు మారారని తేలితే, కనీసం ఒక ఏడాది వార్సిటీకి అనర్హత విధిస్తారు.

ఇప్పుడు రెండు నియమాలను పక్కపక్కన పెట్టి చూడండి. ప్రభుత్వ స్కూలులో ఎఫ్-1 విద్యార్థి చదవగలిగేది పన్నెండు నెలలు. వార్సిటీ కోసం వేచి ఉండవలసినదీ ఒక సంవత్సరమే. నిరీక్షణ ముగిసేసరికి వీసా గడువు కూడా ముగుస్తుంది. మీ తమ్ముడు పూర్తి ఖర్చు చెల్లించి, పిల్లవాడిని ఇంటికి దూరంగా పంపి, చివరికి జూనియర్ జట్టులో మాత్రమే ఆడించగలుగుతారు. ఈ సంగతి వారికి టికెట్లు కొనకముందే తెలియడం న్యాయం.

"అయితే దత్తత తీసుకుంటే?" అని తరువాతి ఉత్తరంలో అడుగుతారని ఊహించి ఇప్పుడే చెబుతున్నాను. హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 1956 ప్రకారం, కుల లేదా కుటుంబ ఆచారం అనుమతిస్తే తప్ప, పదిహేనేళ్లు నిండినవారిని దత్తత తీసుకోవడానికి వీలులేదు. అమెరికా ఇమిగ్రేషన్ చట్టం సాధారణంగా పదహారేళ్లు నిండకముందే జరిగిన దత్తతను, అదీ రెండేళ్ల సంరక్షణ, ఒకే ఇంట్లో నివాసం చూపిన తరువాతే గుర్తిస్తుంది. ఈ పిల్లవాడికి రెండు వయోపరిమితులూ దాటిపోయాయి.

జె-1 ఎక్స్ఛేంజి కార్యక్రమం, అంటే విదేశీ విద్యార్థులు కొంతకాలం ఇక్కడి స్కూళ్లలో చదివే ఏర్పాటు, మరో మార్గం. అయితే ఆటలో ప్రతిభ ఆధారంగా స్కూలును ఎంపిక చేసే ఏర్పాటులో తెలిసి పాలుపంచుకోరాదని ఫెడరల్ నిబంధనలు స్పాన్సర్ సంస్థలను ఆదేశిస్తున్నాయి. యు.ఐ.ఎల్. కూడా గుర్తింపు పొందిన కార్యక్రమాల ద్వారా వచ్చినవారికే, అదీ ఆ ఆటలో ఉన్నత శిక్షణ, విస్తృత అనుభవం లేనివారికే నివాస నియమం నుంచి మినహాయింపు కోరే వీలు కల్పిస్తుంది. టోర్నమెంట్లు గెలిచిన కుర్రవాడికి ఇది సరిపడదు.

నిజంగా పరిశీలించదగినది ప్రైవేటు హైస్కూలు. ఐ-20 ఇచ్చే అనుమతి ఉన్న ప్రైవేటు స్కూలులో ఎఫ్-1 విద్యార్థికి పన్నెండు నెలల పరిమితి వర్తించదు. అక్కడి పోటీలను వేరే సంఘాలు నిర్వహిస్తాయి గనుక, ఫీజు కట్టకముందే ఐ-20 విద్యార్థి వార్సిటీలో ఆడగలడా అన్న ప్రశ్నకు ఆ స్కూలు అథ్లెటిక్ డైరెక్టర్ నుంచి రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి. నోటిమాటను నమ్ముకోవద్దు.

ఎక్కడ చేరినా వయసును, గడిచిన చదువు సంవత్సరాలను తక్కువగా చూడకండి. యు.ఐ.ఎల్. నియమాల ప్రకారం సెప్టెంబరు 1 నాటికి విద్యార్థికి పంతొమ్మిదేళ్లు నిండి ఉండకూడదు. తొమ్మిదో తరగతిలో మొదటిసారి చేరిన నాటినుంచి వరుసగా నాలుగేళ్లే అర్హత. పదో తరగతి పాసైనవాణ్ణి ఇక్కడ మళ్లీ తొమ్మిదిలో చేర్పించి అదనంగా ఏడాది సంపాదించవచ్చునన్న సలహా మీకు ఎవరైనా ఇచ్చి ఉంటే దానిని మరచిపోండి. తొమ్మిదో తరగతి తరువాత టెన్నిస్‌లో నగదు బహుమతి ఏదైనా అందుకుని ఉంటే ఆ సంగతిని కూడా ముందుగానే వెల్లడించండి. అమెచ్యూర్ నియమం, అంటే ఆటకు డబ్బు తీసుకోరాదన్న నియమం, ఇటువంటి చెల్లింపులకు సంబంధించినదే.

మీ అమ్మాయి విషయానికి వస్తే, పరిస్థితి అనుకూలంగా ఉంది. హెచ్-4 హోదాలో ఉన్న పిల్లలు ప్రభుత్వ స్కూలులో ఎటువంటి కాలపరిమితి లేకుండా చదువుకోవచ్చు. మీ దంపతులిద్దరూ ఆ స్కూలు పరిధిలోనే నివసిస్తున్నారు గనుక ఆమె పూర్తికాల విద్యార్థినిగా చేరితే నివాస నియమం తీరిపోతుంది. ఇంటి వద్దే చదువు కొనసాగించదలచినా అవకాశం ఉంది. ఇంటి చదువును ప్రైవేటు పాఠశాల విద్యగా టెక్సస్ సుప్రీంకోర్టు 1994లో గుర్తించింది. అటువంటి విద్యార్థులను యు.ఐ.ఎల్. పోటీలకు అనుమతించే వెసులుబాటును 2021లో శాసనసభ స్కూల్ డిస్ట్రిక్టులకు ఇచ్చింది. 2025 సవరణ తరువాత, డిస్ట్రిక్టు బోర్డు వద్దని ప్రత్యేకంగా తీర్మానిస్తే తప్ప, అనుమతించడమే నియమమైంది. కాబట్టి మీ బోర్డు అటువంటి తీర్మానం ఏదైనా చేసిందేమో మొదట తెలుసుకోండి.

ఇంటి చదువు మార్గంలో ఆమె తన తరగతికి తగిన స్థాయిలో ఉన్నదని జాతీయ ప్రమాణాలున్న పరీక్ష ద్వారా చూపాలి. ఉత్తీర్ణ స్థాయిలో చదువుతున్నదని బోధించేవారు ఎప్పటికప్పుడు రాసి ఇవ్వాలి. స్కూలులో చేరితే మాత్రం ప్రతి సబ్జెక్టులో 70 మార్కులకు తగ్గకూడదన్న నియమం వర్తిస్తుంది. హైదరాబాదు స్కూలు నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన తేదీ ఉన్న స్టడీ సర్టిఫికెట్‌ను, అక్కడ ఆటల పోటీలలో పాల్గొని ఉంటే ఆ వివరాలను ఇప్పుడే తెప్పించుకోండి. వేసవి సెలవులలో స్కూలు కార్యాలయం నుంచి ఉత్తరం రాబట్టడం కష్టం.

అర్హతపై వివాదం వస్తే, ఆ ప్రాంతపు స్కూళ్ల ప్రతినిధులతో ఏర్పడిన డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ మొదట విచారిస్తుంది. దానిపై స్టేట్ ఎగ్జిక్యూటివ్ కమిటీకి అప్పీలు ఉంటుంది. కోర్టులో సులువుగా తేల్చుకోవచ్చునని భావించకండి. స్కూలు ఆటలలో పాల్గొనడం రాజ్యాంగం రక్షించే హక్కు కాదని టెక్సస్ సుప్రీంకోర్టు 1985లో స్టామోస్ కేసులో చెప్పింది. సింగపూర్ నుంచి వచ్చి ఒలింపిక్స్‌లో ఈదిన జోసెలిన్ యో అనే విశ్వవిద్యాలయ విద్యార్థిని కేసులోనూ, ఆమెకున్న అంతర్జాతీయ ఖ్యాతిని లెక్కలోకి తీసుకోకుండా, 2005లో ఆ కోర్టు అదే వైఖరి తీసుకున్నది. కమిటీ ముందు పెట్టే కాగితాలే మీ వాదన గనుక, అమ్మాయి విషయంలో అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, హెచ్-4 ఆమోద పత్రం, స్టడీ సర్టిఫికెట్ ఒకే ఫైలులో పెట్టుకుని, ట్రాక్ సీజన్ మొదలయ్యేలోగా అథ్లెటిక్ డైరెక్టర్‌ను కలవండి.