స్కాలర్‌లో 19, స్కోపస్‌లో 11: దరఖాస్తులో ఏ హెచ్-ఇండెక్స్ వేయాలి?

టెన్షన్ పడకండి, ఈ రెండూ సరిపోలకపోవడం మామూలే. హెచ్-ఇండెక్స్ 11 అంటే, ఒక్కోదానికి కనీసం 11 సైటేషన్లు (వేరే పేపర్లలో ఉదహరింపులు) వచ్చిన పేపర్లు మీకు 11 ఉన్నాయని. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్ల (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టిన పేపర్ల) నుంచి వచ్చే సైటేషన్లను కూడా కలుపుకుంటుంది, స్కోపస్ డేటాబేస్ మాత్రం తను ఎంపిక చేసుకున్న జర్నళ్లు, పుస్తకాలు, కాన్ఫరెన్స్‌ల వరకే చూస్తుంది. అయినా 8 తేడా అంటే నాకు అనుమానం మీ పేరు మీదే. ఇంటిపేరు ఒక పేపర్లో ముందు, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా, మరోచోట అసలు లేకుండా వేసుకుంటాం కదా, దాంతో స్కోపస్ మిమ్మల్ని ఇద్దరు ముగ్గురు మనుషులుగా విడగొట్టి ఉండొచ్చు. స్కాలర్‌లో దీనికి రివర్స్, అదే పేరున్న వేరేవాళ్ల పేపర్లు మీ ఖాతాలో చేరిపోతాయి.

ముందు స్కాలర్ ప్రొఫైల్ తెరిచి మీవి కానివి తీసేయండి, కొత్త పేపర్లు వాటంతటవే చేరకుండా, మీరు ఓకే అన్నాకే చేరేలా సెట్టింగ్ మార్చండి. తర్వాత స్కోపస్‌లో మీ పేరు అన్ని రకాలుగా వెతికి, విడిపోయిన ప్రొఫైళ్లను కలపమని రిక్వెస్ట్ పెట్టండి, ఇది ఉచితమే. ఆర్కిడ్ (ORCID) నంబర్, అంటే పేరు ఎలా రాసినా మీరే అని చెప్పే పరిశోధకుల గుర్తింపు సంఖ్య, లేకపోతే ఈరోజే తీసుకోండి.

ఇంకోటి, మొత్తం సైటేషన్ల అంకె ఒక్కటే చూపించకండి. మన పురుగుమందుల రంగంలో మెథడ్ పేపర్లకు (కొలిచే పద్ధతిని వివరించేవాటికి) సైటేషన్లు విపరీతంగా వస్తాయి, అలాంటిది ఒక్కటున్నా మొత్తం పెరిగిపోతుంది. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను కొలవడానికి ఎల్‌మన్ బృందం 1961లో రాసిన పేపర్‌ను పురుగుమందుల మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నారు.

దరఖాస్తులో ఫలానా డేటాబేసే అని అడగకపోతే రెండూ వేయండి, పక్కన డేటాబేస్ పేరు, చూసిన తేదీతో.