డబ్బాలో దాచిన షూ సోల్ పొడిపొడిగా రాలితే

పెళ్లికి కొన్న షూ నాలుగేళ్లు డబ్బాలో భద్రంగా పెట్టి, మొన్న ఫంక్షన్‌కి వేసుకుంటే సోల్ ముక్కలై రాలిపోయిందన్నారు. నకిలీ సరుకు అంటగట్టారని మీ అనుమానం. అది కాకపోవచ్చండీ.

సోల్ తేలిగ్గా ఉండి, వేలితో నలిపితే పిండిలా రాలుతోందన్నారు కదా, అది పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ అయి ఉంటుంది. షాపుల్లో పీయూ అంటారు. గాలిలోని తేమ ఏళ్ల తరబడి దాని అణుబంధాలను తెంచుతుంది. రసాయనశాస్త్రంలో దీని పేరు జలవిశ్లేషణ. వాడకపోయినా ఇది ఆగదు. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టారా? అయితే తేమ లోపలే ఉండిపోయింది.

జిగురుతో అతికించకండి, డబ్బు దండగ. ఊడింది అతుకు కాదు, సోల్ పదార్థమే పాడైంది. ఇక జిగురుకి పట్టు ఎక్కడ దొరుకుతుంది?

పై తోలు బాగుంటే ఒకటి చూడాలి. కొన్ని షూలకి పైభాగాన్ని కాలి ఆకారపు అచ్చు మీద లాగి బిగించి, విడిగా చేసిన సోల్‌ని కింద అతికిస్తారు. మీది అలాంటిదైతే మిగిలిన పీయూ గీకేసి రబ్బరు సోల్ వేయించుకోవచ్చు. పైభాగానికే నేరుగా పీయూ పోసి అచ్చులో తయారుచేసిన రకమైతే కష్టం, ఆశ వదులుకోండి.

ఈసారి రబ్బరు లేదా ఈవీఏ (నురుగులా తేలిగ్గా ఉండే మరో రకం ప్లాస్టిక్) సోల్ అడగండి, వాటికి ఇలా పిండైపోయే రోగం లేదు. ఏది కొన్నా వేసుకుని తిరగండి. 'పండక్కి పనికొస్తాయి' అని నేనూ ఒక జత ఇలాగే దాచి పోగొట్టుకున్నాను.