కరాటేనా, జూడోనా: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

ఇక్కడ ఆదోనిలో అందరం బాగున్నాం. కర్నూలులో నీకు నైట్ డ్యూటీలు ఎక్కువయ్యాయనీ, ఆసుపత్రి నుంచి రూముకు వచ్చే దారిలో టెన్షన్‌గా ఉంటోందనీ మీ నాన్న చెప్పాడు. నీ మెసేజ్ కూడా చూశాను. కరాటే, టైక్వాండో, కిక్‌బాక్సింగ్, ఈ మూడింటిలో ఏది నేర్చుకుంటే ఒళ్ళూ తగ్గుతుంది, ధైర్యమూ వస్తుంది అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నా. నేను బళ్ళో పీఈటీగా ఉన్నన్నాళ్ళూ పిల్లలకు జూడో నేర్పినదాన్ని, కాబట్టి నా మాటలు అటువైపు కాస్త మొగ్గితే నువ్వే సరిచేసుకుని చదువు.

అమ్మీ, ఏ విద్య గొప్పది అని వెతకడం మొదలుపెడితే తెల్లారదు. ఒక్కటి చూసుకో చాలు. ఆ క్లాసులో ఎదుటి మనిషి నిన్ను నిజంగా పట్టుకుంటుందా, నువ్వు విడిపించుకోకుండా నిజంగా ఆపుతుందా? గాల్లోకి గుద్దులు, గాల్లోకి తన్నులు, వరుసగా నిలబడి కేకలు, ఇంతవరకే ఉంటే అది మంచి వ్యాయామం. ఆత్మరక్షణ అనే పేరు దానికి పెట్టకూడదు. నువ్వు చెయ్యి పట్టుకోగానే ఎదుటివాడు బొమ్మలా నిలబడి, నువ్వు తిప్పగానే పడిపోతే, నువ్వు నేర్చుకున్నది నాటకమే.

జిగోరో కానో అనే ఆయన 1882లో జపాన్‌లో జూడో మొదలుపెట్టినప్పుడు చేసిన పని ఇదే. అంతకుముందున్న జుజుత్సు అనే పాత పోరు విద్యలో ఎముకలు విరిచేవీ, ప్రాణం మీదికి తెచ్చేవీ చాలా ఉండేవి. అలాంటివాటిని రోజూ పూర్తి బలంతో సాధన చేయడం కుదరదు, చేస్తే తోటివాళ్ళు మిగలరు. అందుకని కానో వాటిని పోటీలోంచి పక్కన పెట్టి, ఇద్దరూ ఒళ్ళు దాచుకోకుండా పెనుగులాడగలిగిన పట్లు, పడగొట్టే పద్ధతులు ఉంచాడు. ఆ పెనుగులాటను రందోరి అంటారు. ప్రాణాంతకమైన పట్టు వంద నేర్చుకుని ఒక్కటీ నిజంగా చేసి చూడని వాడికంటే, మామూలు పట్టు ఒక్కటి రోజూ మొండి మనిషి మీద చేసినవాడే గట్టివాడు. జూడోకే కాదు, ఏ విద్యకైనా నేను ఈ కొలతే పెడతాను.

ఇప్పుడు నువ్వు అడిగినవాటి సంగతి.

టైక్వాండో కొరియా విద్య. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి పతకాల ఆట. కాళ్ళకు చురుకు, నడుముకు సాగుదల, బ్యాలెన్సు వస్తాయి. నీ ఒళ్ళు తగ్గడానికి భేషుగ్గా పనికొస్తుంది. కానీ ఒలింపిక్స్‌లో ఆడే పద్ధతిలో ముఖం మీద పిడిగుద్దు కొట్టనివ్వరు. అందువల్ల అందులోనే పెరిగిన పిల్లలకు చేతులు కిందికి వదిలేసి నిలబడే అలవాటు పడుతుంది. రోడ్డు మీద ఎవడైనా గుద్దితే మొదట వచ్చేది ముఖం మీదికే కదా. ఇంకోటి, బిగుతు చుడీదారులో, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని, గతుకుల సందులో తల ఎత్తున కాలు లేపడం నువ్వే ఒకసారి ఊహించుకో.

కరాటే ఒకినావా దీవుల్లో పుట్టింది. గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శించాక జపాన్ అంతా పాకింది. మన ఊళ్ళల్లో బళ్ళ ఆవరణల్లో, మిద్దెల మీద ఎక్కువగా కనిపించేది ఇదే. మాస్టరును బట్టి క్లాసుకూ క్లాసుకూ ఎక్కువ తేడా కనిపించేదీ ఇందులోనే. ఒకచోట కటాలు, అంటే ఎదుటి మనిషి లేకుండా వరుసగా చేసే కదలికలు, మాత్రమే చేయిస్తారు. ఇంకోచోట ప్యాడ్లు పట్టించి, జతలు కట్టించి, ఒంటికి తగిలేలా కొట్టిస్తారు. రెండోది దొరికితే కళ్ళు మూసుకుని చేరు. కటాను నేను తీసిపారేయడం లేదు, ఊపిరికీ నిలకడకూ అది మంచిదే, కానీ అదొక్కటే అయితే చాలదు.

కిక్‌బాక్సింగ్ అని బోర్డు పెట్టి జిమ్ముల్లో పాటలకు ఎగిరించేవి ఎక్కువ. చెమట పడుతుంది, సంతోషంగానూ ఉంటుంది. ఎవరితోనైనా జత కట్టిస్తారా అని అడుగు, లేదంటే దాన్ని ఏరోబిక్స్ కిందే లెక్క వేసుకో.

నువ్వు అడగని రెండు నేను చెబుతా. మొదటిది బాక్సింగ్. నేర్చుకోవాల్సిన గుద్దులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కానీ కాళ్ళ కదలిక, తల తప్పించడం, ముఖం మీదికి ఏదైనా వస్తే కళ్ళు మూసుకోకుండా ఉండడం, ఇవి దానిలో వచ్చినంత తొందరగా ఇంకెక్కడా రావు. మన తెలుగు పిల్ల నిఖత్ జరీన్, నిజామాబాద్ అమ్మాయి, 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. అప్పటి నుంచి ఆడపిల్లకు బాక్సింగ్ ఎందుకు అనే నోళ్ళు కొంచెం తగ్గాయి. నువ్వు మాత్రం బ్యాగు, ప్యాడ్ల వరకే ఉంచు. తల మీద గట్టిగా కొట్టుకునే స్పారింగ్ వద్దని మొదటి రోజే చెప్పేయి. తలకు దెబ్బ తగిలిన కేసులు వార్డులో చూసేదానివి, నీకు నేను వేరే చెప్పాలా.

రెండోది, ఊహించే ఉంటావు, జూడో. ఆడవాళ్ళ మీదికి వచ్చేవాడు చాలాసార్లు దూరం నుంచి గుద్దడు. చెయ్యి పట్టుకుంటాడు, జుట్టు పట్టుకుంటాడు, చున్నీ లాగుతాడు. అంత దగ్గర్లో ఒకడు పట్టేసినప్పుడు మెదడు మొద్దుబారకుండా ఉండడం అనేది, రోజూ ఎవరో ఒకరు కాలరు పట్టి లాగే క్లాసులోనే వస్తుంది. బలం చాలదని అనుకోకు. కానో శిష్యురాలు కీకో ఫుకుదా అయిదడుగులు కూడా లేని మనిషి, నలభై అయిదు కిలోల బరువు. డాన్ అంటే బ్లాక్ బెల్టులో మెట్టు. ఆడవాళ్ళకు అయిదో డాన్ దాటి ఇవ్వరన్న పద్ధతి వల్ల ఏళ్ళ తరబడి అక్కడే ఆపేశారు ఆమెను. ఆమె ఆగలేదు, 2013లో తొంభై తొమ్మిదేళ్ళకు పోయేనాటికి పదో డాన్. ఆమె కథ చెబితే మా బళ్ళో పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

జూడోలో మొదట నేర్పేది పడడం. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే నా లెక్కలో ఇదే అసలు ఆత్మరక్షణ. గడ్డం గుండెకు ఆనించి, ఊపిరి వదిలి, చేతిని పక్కగా చాచి అరచేయీ ముంజేయీ కలిపి మ్యాట్‌ను చరచాలి, తల నేలకు తగలకూడదు. పడుతూ చెయ్యి నిటారుగా ఆనిస్తే మణికట్టు ఎలా విరుగుతుందో ఆర్థో వార్డులో రోజూ చూస్తుంటావు. నీ జీవితంలో రౌడీ ఎదురయ్యేది ఎన్నిసార్లో, అసలు ఎదురవుతాడో లేదో. తడి బాత్రూములో కాలు జారడం, బండి స్కిడ్ అవడం మాత్రం ఖాయం. నా పిల్లల్లో ఒకరిద్దరు పెద్దయ్యాక వచ్చి చెప్పింది కూడా ఇదే, టీచర్, బండి మీద నుంచి పడ్డా కానీ తల కాపాడుకున్నా అని. పతకాల గురించి చెప్పినవాళ్ళు తక్కువ.

అందుకే నేల చూడు. విసిరి పడేసే విద్య ఏదైనా సరే, సిమెంటు గచ్చు మీద, చాప మీద నేర్పుతామంటే వెనక్కి తిరిగి వచ్చేయి. సరైన మ్యాట్లు ఉండాలి, వాటి మధ్య సందులు ఉండకూడదు. మొదటి వారమే నిన్ను ఎత్తి పడేస్తే ఆ మాస్టరుకు తొందర ఎక్కువ అని అర్థం.

జుజుత్సు, క్రావ్ మగా అని కూడా వింటూ ఉంటావు. నేల మీద పెనుగులాడే బ్రెజిల్ జుజుత్సు మంచిదే, కానీ సరైన మాస్టరు కోసం హైదరాబాదుకో బెంగళూరుకో పోవాల్సి వస్తే నీకేం లాభం? క్రావ్ మగా ఇజ్రాయెల్ సైన్యంలో పెరిగిన పద్ధతి. రెండు రోజుల వర్క్‌షాపులో కత్తి లాక్కోవడం నేర్పుతామంటే డబ్బులు దాచుకో. కత్తి చూపించినవాడికి ఫోను, గొలుసు ఇచ్చేసి పరుగెత్తాలి. నిన్ను పట్టి ఎక్కడికైనా తీసుకుపోవాలని చూస్తే మాత్రం చేతిలో ఉన్న బలమంతా వాడి, అరిచి, కొరికి, తప్పించుకోవాలి.

మీ తాత అయితే తాలీంఖానాకు పంపించమనేవాడు. మన పాత ఊళ్ళల్లో తాలీంఖానా అంటే కుస్తీ, దండీలు, బస్కీలు. ఆడపిల్లలకు అక్కడ తలుపులు తెరుచుకోవడం ఇంకా కష్టమే. కర్రసాము తెలిసిన పెద్దమనిషి ఎవరైనా దొరికితే సరదాకు నేర్చుకో, భుజాలకూ అడుగులకూ మంచిది. దసరా రాత్రి దేవరగట్టు బన్నీ ఉత్సవంలో మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం కర్రలు పట్టి కొట్టుకోవడం చూసి అదే సాము అనుకునేరు. అది మొక్కు, తలలు పగిలే మొక్కు. సాములో మొదట నేర్పేది తల కాపాడుకోవడం.

క్లాసులు వెతకడానికి స్టేడియం వైపు ఒక సాయంత్రం వెళ్ళు. అక్కడ కోచ్‌లను కదిలిస్తే మిగతావాళ్ళ సంగతులు వాళ్ళే చెబుతారు. నచ్చినచోట డబ్బులు కట్టకుండా గంటసేపు కూర్చుని చూస్తానని అడుగు. కూర్చోనివ్వకపోతే ఆ క్లాసు మనకొద్దు. కూర్చున్నప్పుడు మాస్టరును కాదు, అందరికంటే చిన్న పిల్లను, అందరికంటే లావుగా ఉన్నవాళ్ళను చూడు. వాళ్ళతో ఎలా మాట్లాడుతున్నారు, నొప్పి అంటే ఆపుతున్నారా, వదలమని చేత్తో రెండుసార్లు తడితే వెంటనే వదిలేస్తున్నారా. ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు, ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారు. పట్టు చూపించే వంకతో చేతులు ఎక్కడెక్కడో పెట్టే మాస్టర్లు ఉంటారు, నీ మనసుకు కొంచెం తేడాగా అనిపించినా మొహమాటపడకుండా మానేయి. ఫీజు వెనక్కి అడగాల్సిన పని కూడా లేదు.

బెల్టుల గురించి ముందే అడుగు. నెల ఫీజు ఎంత, డ్రెస్సు ఎంత, బెల్టు పరీక్షకు వేరే ఎంత, పరీక్ష ఎన్నాళ్ళకు ఒకసారి. ఏడాదిలో బ్లాక్ బెల్ట్ ఇస్తామన్నవాడు బెల్టులు అమ్ముకునే వ్యాపారి. పరీక్షలో రాయకుండానే పాసైన సర్టిఫికెట్ ఇస్తే నువ్వు ఇంజెక్షన్ వేయగలవా?

చట్టం సంగతి కూడా తెలుసుకో. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. నిన్ను కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంత దెబ్బ కొట్టవచ్చు. వాడు వెనక్కి తిరిగి పారిపోతుంటే తరిమి కొడితే అది ఆత్మరక్షణ కిందికి రాదు. అత్యాచారం, యాసిడ్ దాడి లాంటివాటికి తెగిస్తే మాత్రం ప్రాణం తీసేదాకా కూడా ఆ హక్కు ఉంది. 112కు ఎలా ఫోన్ చేయాలో, ఫోన్ లాక్ తీయకుండా ఎమర్జెన్సీ కాల్ ఎలా కొట్టాలో ఇవాళే చేసి చూసుకో. డ్యూటీ దిగాక తోటి సిస్టర్లతో కలిసి బయలుదేరడం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకుండా నడవడం, తెలిసిన ఆటో అతని నంబరు ఉంచుకోవడం, ఇవి ఏ బెల్టుకూ తక్కువ కావు.

నీ డ్యూటీ షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి వారానికి మూడు రోజులు కుదిరే క్లాసే చూడు. రూముకు దగ్గరగా ఉన్న మామూలు క్లాసు, ఊరికి ఆ చివర ఉన్న గొప్ప క్లాసుకంటే నయం. నైట్ దిగి నిద్ర లేకుండా మ్యాట్ ఎక్కొద్దు, ఆ రోజే మోకాలు మెలిక పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు రేకుల షెడ్డులో సాయంత్రం క్లాసు అంటే ప్రాణం పోతుంది, తెల్లవారుజామున పెట్టే చోటు చూసుకో, ఓఆర్‌ఎస్ వెంట ఉంచుకో. ఒళ్ళు తగ్గాలని తిండి మానేయకు. పొద్దున రాగి సంగటి, గుప్పెడు ఉడికించిన చెనిక్కాయలు, గుడ్డు తిను. వేయించిన బజ్జీలు, ఉగ్గాని వారానికి ఒకసారి చాలు, ఆ ఒక్కసారి మాత్రం మానుకోమని నేను చెప్పను. మొదటి నెల బరువు కాటా మీద పెద్దగా తగ్గకపోవచ్చు, మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం తగ్గుతుంది, అది చూసుకో.

ముక్కుపుడక, గాజులు, మెట్టెలు, గొలుసు అన్నీ తీసి వెళ్ళు. గోర్లు కత్తిరించు, జుట్టు గట్టిగా జడ వేసి కట్టు.

రెండు మూడు చోట్ల చూసి వచ్చాక ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. ఎవరెవరు ఏమన్నారో, మ్యాట్లు ఎలా ఉన్నాయో, ఫీజులు ఎంతో చెబితే ఏది నయమో ఇద్దరం కలిసి తేల్చుకుందాం. జూడో అయితే నా పాత డ్రెస్సులు రెండు పెట్టెలో ఉన్నాయి, నీకు పొట్టి అవుతాయేమో కానీ మొదట్లో సరిపోతాయి. మీ నాన్న ఈసారి ఆదోనికి వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తా.

ఇట్లు,
మీ అత్త