జపాన్‌లో ఉంటే భూకంపాలు ఎలా అనిపిస్తాయి, భయం వేయదా?

మొదట్లో బాగా వేస్తుందండి. చిన్నవైతే సగం తెలియవు, గ్లాసులో నీళ్ళు వణికితేనో తలుపు కటకటలాడితేనో ఓహో వచ్చింది అనుకుంటాం. పెద్దదైతే ఫోన్లన్నీ ఒక్కసారే మోగుతాయి, ముందు వచ్చే పీ తరంగాన్ని పరికరాలు పట్టేసి, గట్టిగా ఊపే ఎస్ తరంగం వచ్చేలోపు హెచ్చరిక పంపుతాయి అన్నమాట, దొరికేది కొన్ని సెకన్లే, కేంద్రం దగ్గరైతే అదీ ఉండదు. అందుకే వెంటనే బల్ల కిందకి దూరండి, స్టవ్ కోసం పరిగెత్తొద్దు, షిండో 5 దాటితే మామూలుగా గ్యాస్ మీటరే ఆపేస్తుంది. షిండో అంటే మీరున్న చోట ఎంత ఊగిందో చెప్పే స్కేలు, 0 నుంచి 7 దాకా.

సముద్రం దగ్గరుంటే మాత్రం ఊపు ఆగగానే ఎత్తుకి వెళ్ళిపోండి ప్లీజ్, 2011 మార్చి 11న ఇక్కడ వచ్చిన పెద్ద భూకంపంలో ఎక్కువమందిని తీసుకెళ్ళింది సునామీయే.