విమానం కిటికీలోంచి, బెలూన్ బుట్టలోంచి ఫోటోలు

ప్రశ్న: సార్, అక్టోబర్‌లో నేనూ మావారూ టర్కీ వెళ్తున్నాం, ఇస్తాంబుల్ నుంచి కైసేరికి విమానం, అక్కణ్ణుంచి కప్పడోకియా వెళ్ళి బెలూన్ ఎక్కాలని. ఇదివరకు విమానంలోంచి తీసినవన్నీ పాలిపోయినట్టు వచ్చాయి, పైగా మధ్యలో నా మొహమే కనిపిస్తోంది. ఉన్నది ఫోనూ, ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా. కొత్త లెన్స్ కొనమంటారా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: లెన్స్ వద్దమ్మా, ఆ డబ్బులో కాస్త తీసి మంచి సీటుకి పెట్టండి చాలు. రెక్కకి ముందు వరసల్లో కిటికీ సీటు తీసుకోండి, ఇంజన్ వెనకాల కూర్చుంటే ఆ వేడిగాలిలోంచి చూసినవన్నీ అలలు అలలుగా కనిపిస్తాయి, దాన్ని ఏ కెమెరా సరిచెయ్యలేదు. ఎర్జియెస్ కొండ కైసేరికి దక్షిణాన ఉంది, 3,900 మీటర్లు దాటిన పాత అగ్నిపర్వతం, ఇస్తాంబుల్ నుంచి వెళ్ళేటప్పుడు మామూలుగా కుడివైపు కనిపించాలి.

మొహం పడుతోందంటే కిటికీకీ లెన్స్‌కీ మధ్య ఖాళీ ఎక్కువుందన్నమాట. లెన్స్‌ని బాగా దగ్గరికి తీసుకెళ్ళండి, కానీ ఆనించకండి, ఆనిస్తే విమానం వణుకంతా ఫోటోలోకి వస్తుంది. ఓ నల్ల చున్నీ లెన్స్ చుట్టూ కిటికీకి అడ్డంగా పట్టుకుంటే లోపలి లైట్లు పడవు, ఇంత చవకైన చిట్కా ఇంకోటి లేదు. లెన్స్‌కి పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) ఉంటే తీసెయ్యండి, ఆ కిటికీ యాక్రిలిక్ ప్లాస్టిక్, దాంట్లోంచి పోలరైజర్‌తో తీస్తే రంగురంగుల చారలొస్తాయి. లెన్స్ రంధ్రాన్ని మరీ చిన్నది చేసే ఎఫ్16 లాంటివి పెట్టకండి, గీతలూ మరకలూ తేలతాయి, ఎఫ్4, ఎఫ్5.6 దగ్గర ఉంచి ఫోకస్ దూరానికి పెట్టెయ్యండి.

పాలిపోవడానికి కారణం ఎత్తు. పది కిలోమీటర్ల పైనుంచి తీస్తే మధ్య గాల్లో ఉన్న మసకంతా ఫోటోలో ఉంటుంది, కాబట్టి టేకాఫ్ అయిన కాసేపూ, ల్యాండింగ్ ముందు కాసేపూ, అదీ పొద్దున్నో సాయంత్రమో నీడలు పొడుగ్గా ఉన్నప్పుడు తియ్యండి, కొండలూ లోయలూ విడివిడిగా కనిపిస్తాయి. కిందకి దిగేకొద్దీ నేల వేగంగా పరిగెడుతుంది కదా, షటర్ వేగం సెకనులో 1/1000 వంతు ఉంచండి. ఒక్క జాగ్రత్త, మన వైజాగ్‌లో నేవీ ఉన్నట్టే కైసేరి ఎయిర్‌పోర్ట్‌లో టర్కీ ఎయిర్‌ఫోర్స్ ఉంది, చక్రాలు నేలకి తగిలే ముందే కెమెరా బ్యాగులో పెట్టెయ్యండి.

ప్రశ్న: బెలూన్‌లో గాలికి చెయ్యి వణకదా? ట్రైపాడ్ పట్టుకెళ్ళొచ్చా? (ఒక పాఠకుడు, నల్గొండ)

జవాబు: వణకదండీ. బెలూన్ గాలితోపాటే పోతుంది, అందుకే బుట్టలో ఉన్నవాళ్ళకి గాలి తగిలినట్టే ఉండదు. ట్రైపాడ్‌కి చోటుండదు, అవసరమూ లేదు, షటర్ 1/250 చాలు. ఎగిరేది తెల్లవారుజామున, వెలుతురు తక్కువ కాబట్టి ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే శక్తి) 800, 1600 దాకా పెంచుకోండి, కొంచెం గ్రెయిన్ (చుక్కచుక్కలు) వస్తే రానివ్వండి, కదిలిపోయిన ఫోటో కన్నా వెయ్యి రెట్లు నయం.

నా మటుకు నాకు అసలైన ఫోటోలు ఎగరక ముందే దొరుకుతాయనిపిస్తుంది. ఇంకా చీకటిగా ఉండగానే పెద్ద ఫ్యాన్లతో చల్లగాలి నింపుతారు, గుడ్డ నేల మీద పొర్లుతూ ఉబ్బుతుంది, ఆ తర్వాత బర్నర్ వెలిగించగానే లోపల్నుంచి మొత్తం నారింజరంగులో వెలుగుతుంది, అది రెండు సెకన్లే! మంటని చూసి కాదు, వెలిగిన గుడ్డని చూసి ఎక్స్‌పోజర్ (ఫోటోకి ఎంత వెలుతురు కావాలో) పెట్టుకుని వేలు బటన్ మీదే ఉంచండి. పైకెళ్ళాక అంచు కోసం తోసుకోవద్దు, పైలట్ బుట్టని తిప్పుతూనే ఉంటాడు, అన్ని దిక్కులూ మీ ముందుకే వస్తాయి. దగ్గర్లో ఉన్న బెలూన్‌ని పెద్దగా పెట్టి వెనకాల లోయ వచ్చేలా తియ్యండి, ఎత్తు తెలుస్తుంది.

1858లో ప్యారిస్ దగ్గర నదార్ అనే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ బెలూన్‌లోంచి ఫోటో తీసే నాటికి బెలూన్‌లోంచి కారే గ్యాస్‌కి ప్లేట్లే పాడైపోయేవట, మనకి ఆ తిప్పలు లేవు. మెడకి స్ట్రాప్ మాత్రం మర్చిపోవద్దు, గాల్లో లెన్స్ మార్చొద్దు. పైలట్ దిగుతున్నామని చెప్పగానే కెమెరా బ్యాగులో పెట్టి రెండు చేతులతో బుట్ట లోపలి తాడు పట్టుకోండి, బుట్ట పక్కకి ఒరగొచ్చు. గాలి ఎక్కువైతే ఆ రోజు ఎగరనివ్వరు, అందుకని కప్పడోకియాలో మొదటి పొద్దునకే బుక్ చేసుకోండి, రద్దయితే మర్నాడు ఉంటుంది.