ఆరేళ్లయినా గుమ్మంలో నీళ్ల గ్లాసు

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. వయసు 51. తాగుడు మానేసి ఆరేళ్లు దాటింది. తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగు తప్పను. అయినా నేను ఇంటికి రాగానే నా భార్య మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలోకి ఎదురొస్తుంది. నోటి వాసన చూడటానికేనని నాకు తెలుసు. ఇప్పుడు అమ్మాయికి సంబంధం కుదిరింది. మగపెళ్లివారితో మాటలన్నీ మేనమామే మాట్లాడాలని అమ్మాయి పట్టుబట్టింది. ఆరేళ్లు చాలవా? ఇంకా నేనేం చేయాలి?

జవాబు: ఆరేళ్లంటే రెండువేల పైచిలుకు సాయంత్రాలు. కొట్టు కట్టేశాక నలుగురూ ఒకవైపు వెళ్తుంటే మీరు ఇంటిదారి పట్టిన సాయంత్రాలవి. మీ మనసు నొచ్చుకోవడంలో తప్పులేదు.

కానీ ఒక్కటి ఆలోచించండి. మోతాదు మించి తాగినప్పుడు మెదడు ఆ గంటల్ని దాచుకోదు. మర్నాడు ఎంత తవ్వినా ఏమీ దొరకదు. మీరు మర్చిపోయిన రాత్రులన్నీ మీ ఆవిడకి పూసగుచ్చినట్టు గుర్తుంటాయి. మీరు మానేసిన తేదీ నుంచి లెక్కేస్తున్నారు. ఆవిడ లెక్క అంతకు ఎన్నో ఏళ్ల ముందు మొదలైంది. సాయంత్రం గేటు చప్పుడైతే ఆవిడ చెయ్యి దానంతటదే గ్లాసు మీదికి పోతుంది. అది మీ మీద అనుమానం కన్నా పాత భయమే అంటాను నేను.

తీరిగ్గా ఉన్నప్పుడు ఒకసారి చెప్పండి: "గ్లాసు ఎందుకు తెస్తావో నాకు తెలుసు. ఎన్నాళ్లు తేవాలనిపిస్తే అన్నాళ్లు తే." మీలో కోపం మిగిలి ఉంటే మాత్రం ఇంకా చెప్పకండి. ముందు ఆ కోపం సంగతి ఏఏలో మీకు దారిచూపే పాత సభ్యుడు, అంటే మీ స్పాన్సర్‌తో మాట్లాడుకోండి.

1935లో ఏఏని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరి భార్య లోయిస్. భర్త తాగుడు మానేశాక ఒకరోజు, మీటింగుకి త్వరగా బయల్దేరమన్నందుకు ఆవిడ చెప్పు విసిరికొట్టింది. భర్త బాగుపడినా తన లోపల ఏదో మానలేదని అప్పుడే ఆవిడకి తెలిసొచ్చింది. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో పుట్టిన అల్-అనాన్ వెనుక ఆవిడ ఉంది. మీకు ఆరేళ్లుగా మీటింగులున్నాయి. మీ ఆవిడ ఇన్నేళ్లూ ఎవరితో చెప్పుకుంది? అల్-అనాన్ గురించి మీ గ్రూపులో అడగండి. బయటికి రావడం ఇష్టం లేకపోతే 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. అయితే వెళ్లమని బలవంతపెట్టకండి, చెప్పి వదిలేయండి.

అమ్మాయి విషయం. పెళ్లికూతుర్ని బుట్టలో పెట్టి పీటల మీదికి తెచ్చేదే మేనమామ, మాటలు కూడా ఆయన్నే మాట్లాడనివ్వండి. మీరు పక్కన కూర్చోండి. పాత సంగతి వియ్యంకులకి మీ నోటితోనే తెలిస్తే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఊళ్లో ఎవరో ఒకరు చెప్పకపోరు. కానీ అమ్మాయి వద్దంటే ఆగాలి. చేసిన తప్పు సరిదిద్దుకోబోయి అవతలివాళ్లకి గాయం చేయొద్దని ఏఏ పన్నెండు మెట్లలో తొమ్మిదోదాంట్లోనే ఉంది కదా.

నాకు అన్నిటికన్నా దిగులు పెళ్లిరోజు గురించే. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట దగ్గర జాగ్రత్తని మీటింగుల్లో వినే ఉంటారు. కన్యాదాతకి ఆరోజు ఉపవాసం. ముహూర్తం ఏ తెల్లవారుజామునో పడితే ఆకలీ అలసటా రెండూ కలిసి వస్తాయి. దానికి తోడు ఎవరో భుజం మీద చెయ్యేసి "బావగారూ, ఇవాళ ఒక్కటే" అంటారు. పాలూ పళ్లూ తీసుకోవచ్చేమో పురోహితుణ్ణి ముందే అడగండి. స్పాన్సర్‌ని బంధువులాగే పిలిచి, మండపంలో మీకు కనబడేచోట కూర్చోమనండి. విడిదింట్లో మగవాళ్లంతా చేరే గదివైపు వెళ్లకండి. ఏదైనా పని పడితే బావమరిదిని పంపండి. ఈ ఏర్పాట్లన్నీ మీ ఆవిడకి ముందే చెప్పి ఉంచండి.