వెబ్‌కి ప్రపోజల్ పెడుతున్న మేనకోడలికి

బంగారూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఏదో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని చూడాలని పిల్ల జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్‌కి దరఖాస్తు పెడుతోందట. అది పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల ఉందటగా, ఏమైనా తేడా వస్తే ఎవరు వెళ్ళి చూస్తారు?" అంది. ఎవరూ వెళ్ళరమ్మా, అదే దాంతో వచ్చిన చిక్కు అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. గర్వం పట్టనివ్వలేదని మీ అమ్మకి చెప్పాను. నిజానికి సగం భయమే.

హబుల్ టెలిస్కోప్ అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ అరగదీశారని 1990లో బయటపడితే, 1993 డిసెంబర్లో మనుషులు వెళ్ళి సరిచేసి వచ్చారు. వెబ్‌కి ఆ అదృష్టం లేదు. 2021 క్రిస్మస్ నాడు అది పైకి లేచింది మొదలు, ఐదు పొరల ఎండతెర బిగుసుకుందని జనవరి 4న కబురొచ్చేదాకా నేను అన్నం సరిగ్గా తినలేదు. నాకు దాంతో ఏ సంబంధమూ లేదు, రిటైరైన వాణ్ణి. అయినా అంతే. ఇప్పుడు సంబంధం వచ్చింది, నీ వల్ల.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. నాలుగో విడతలో 2,377 ప్రపోజళ్ళు వచ్చాయి. అడిగిన టైమంతా కలిపితే 78,000 గంటలు, అంటే ఉన్నదానికి దాదాపు తొమ్మిదింతలు. చదివేవాళ్ళకి ఓపిక తక్కువ. మొదటి పేరాలోనే ప్రశ్నేమిటో చెప్పు. చదివేవాళ్ళకి నీ పేరు తెలియకూడదు కాబట్టి "మా కిందటి పేపర్లో చూపించినట్టు" అని రాయకు. కొత్తవాళ్ళకి ఇది మేలు, పేరు చూసి పక్కన పెట్టే రోజులు పోయాయి. నక్షత్రం మరీ వెలుగైతే డిటెక్టర్ నిండిపోతుంది, ఎక్స్‌పోజర్ క్యాలిక్యులేటర్లో చూసుకో. చివరి గంటదాకా ఆగకుండా ఒక రోజు ముందే పంపు. (ఇది నీకు చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే. పరీక్ష హాలు తలుపు మూస్తుంటే దూరిన పిల్లవి.)

వెబ్ ఎప్పుడూ సూర్యుడికి వీపు పెట్టి ఉండాలి. సూర్యుడి నుంచి 85 డిగ్రీలకీ 135 డిగ్రీలకీ మధ్యనున్న ఆకాశమే చూడగలదు. నీ నక్షత్రం క్రాంతివృత్తానికి, అంటే ఆకాశంలో సూర్యుడు ఏడాది పొడుగునా నడిచే దారికి, దగ్గరగా ఉంటే ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి యాభై రోజులో ఎంతో దొరుకుతుంది. నీ గ్రహం ఆ రోజుల్లో నక్షత్రం ముందు నుంచి ఎన్నిసార్లు దాటుతుందో లెక్కపెట్టుకున్నావా? ఒక్కసారే అయితే ఆ ఒక్కసారి మీద ప్రాణం పెట్టుకోకు. షెడ్యూల్ వేసేవాళ్ళకీ కాస్త వెసులుబాటు ఉండాలి.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

1998లో నాకు హబుల్ మీద మూడు ఆర్బిట్లు దొరికాయి. ఒక్కో ఆర్బిట్, అంటే భూమి చుట్టూ ఒక చుట్టు, తొంభై అయిదు నిమిషాలు, భూమి అడ్డొచ్చే సమయం పోగా చూడటానికి మిగిలేది అందులో సగం పైచిలుకు. మనకి దగ్గర్లోనే ఉన్న ఒక మసక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం స్పెక్ట్రమ్ (దాని వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీ) కావాలి. దగ్గరి నక్షత్రం కాబట్టి ఆకాశంలో కదులుతుంది, ఏడాదికి ఒక ఆర్క్‌సెకన్. పున్నమి చంద్రుడి వెడల్పు 1,800 ఆర్క్‌సెకన్లు, కాబట్టి ఒకటంటే ఏ మూలకని అప్పుడు అనుకున్నాను.

కేటలాగ్‌లో దాని స్థానం ఉంది. పైన "2000" అని ఉంది. నేను ఫారంలో ఎపాక్ అన్న చోట 2000 అని కొట్టాను. ఆ 2000 ఆకాశం మీద గీసిన గళ్ళ కాగితానికి సంబంధించింది, ఈక్వినాక్స్. నక్షత్రం ఆ గడిలో ఉన్న ఏడు వేరు, ఎపాక్ అంటే అది. ఆ స్థానం 1983లో తీసిన ఫోటో పలక నుంచి కొలిచింది. పక్క నిలువు వరసలో చిన్న అచ్చులో ఆ సంగతి ఉంది. నేను చూడలేదు.

ఇంకేముంది, హబుల్ చెప్పింది చెప్పినట్టు చేసింది. నక్షత్రాన్ని 1983 నుంచి పదిహేనేళ్ళు ముందుకి జరపాల్సింది పోయి, 2000 నుంచి రెండేళ్ళు వెనక్కి జరిపింది. మొత్తం పదిహేడు ఆర్క్‌సెకన్ల తేడా. పరికరం నక్షత్రం కోసం వెతికే పెట్టె వెడల్పు అయిదు ఆర్క్‌సెకన్లు. ఆ పెట్టెలో అన్నిటికన్నా వెలుగున్నదాన్ని పట్టుకుని, వెలుగు పరికరంలోకి వెళ్ళే సన్నని చీలికలో పెట్టాలి. పెట్టెలో నక్షత్రమే లేదు. ఏదో నాయిస్ చుక్కని, అంటే డిటెక్టర్లోని ఉత్తుత్తి మెరుపుని, పట్టుకుని, దాన్నే నా నక్షత్రమనుకుని, మూడు ఆర్బిట్ల పాటు కదలకుండా చూసింది పిచ్చిది.

డేటా టేపు మీద వచ్చింది. రాత్రి పది దాటాక ఒక్కణ్ణే కూర్చుని ప్లాట్ గీశాను. స్క్రీన్ అడుగున గడ్డి మొలిచినట్టు నాయిస్, అంతే. స్కేలు మార్చి చూశాను. మళ్ళీ గడ్డే. నక్షత్రం వెలుగు తగ్గిందేమో, కొత్త రకం నక్షత్రమేమో అని రెండు రోజులు ఊహల్లో తేలాను. మూడో రోజు తప్పు టెలిస్కోప్‌దే అని తేల్చి, గైడింగ్ (టెలిస్కోప్‌ని గురి మీద కదలకుండా నిలపడం) సరిగ్గా జరగలేదని ఒక పేజీ ఫిర్యాదు రాశాను. మర్యాదగా రెండు వాక్యాల జవాబు వచ్చింది: గైడింగ్ బాగానే జరిగింది, మీరిచ్చిన ఎపాక్ 2000, దయచేసి సరిచూసుకోండి.

ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఆ కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాను. నాతో పనిచేసేవాళ్ళకి తొమ్మిది రోజులు చెప్పలేదు. "డేటా ఇంకా చూస్తున్నాను" అంటూ గడిపాను. నక్షత్రం తప్పిపోవడం కన్నా ఆ తొమ్మిది రోజులే నన్ను ఇప్పటికీ కోస్తాయి. మనవైపు తప్పుకి మళ్ళీ టైమ్ ఇవ్వరు. మరుసటేడు తిరిగి అడిగాను, రాలేదు. ఆ స్పెక్ట్రమ్ తర్వాత ఇంకెవరో తీశారు. బాగా తీశారు కూడా.

అప్పుడే మీ అమ్మ నా దగ్గరికి వచ్చి నాలుగు రోజులు ఉంది. ఆఫీసులో ఖాతాలు చూసేది కదా. నా ముఖం చూసి విషయం లాగింది. ఫారం తీసుకుని వేలు పెట్టి ఒక్కో అంకె అడిగింది. "ఇది ఎక్కణ్ణించి వచ్చింది? వోచరు చూపించు." నాలుగో అంకె 2000. కేటలాగ్ తెరిచి చూపించబోయి ఆగిపోయాను. నక్షత్రాల గురించి ఆవిడకి ఏమీ తెలియదు. అయినా ఆవిడ అయిదు నిమిషాల్లో పట్టుకున్నది నేను రెండు నెలలు చూస్తూ కూడా పట్టుకోలేకపోయాను.

అదంతా పాత కథ, ఇప్పుడు నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహం కేటలాగ్ ఉంది కదా అంటావని తెలుసు. గయా మూడో విడుదలలో స్థానాలు 2016వి. అవి ఎత్తి ఏపీటీలో (ప్రపోజల్ నింపే సాఫ్ట్‌వేర్లో) పెట్టి, అలవాటుగా ఎపాక్ 2000 అని వదిలేశావనుకో. నీ నక్షత్రం కూడా ఏడాదికి ఒక ఆర్క్‌సెకన్ కదిలేదైతే పదహారు ఆర్క్‌సెకన్లు పోయినట్టే. గ్రహాల కోసం వెబ్‌లోని స్పెక్ట్రమ్ తీసే పరికరం నిర్‌స్పెక్‌లో వాడే చదరపు కిటికీ 1.6 ఆర్క్‌సెకన్లు. పదింతలు తప్పుతావు! సింబాడ్ అనే ఆన్‌లైన్ నక్షత్రాల పట్టిక నుంచి తీసుకుంటే అది మామూలుగా 2000కి మార్చి ఇస్తుంది. రెండూ సరైనవే, కలిపితేనే కొంప మునుగుతుంది. కదలిక మిల్లీ ఆర్క్‌సెకన్లలో ఇచ్చావా, ఆర్క్‌సెకన్లలో ఇచ్చావా అన్నది కూడా చూడు.

ట్రాన్సిట్ (గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటడం) టైమ్‌కీ ఇదే జబ్బు. ఎవరో కొలిచిన పీరియడ్‌లో, అంటే గ్రహం ఒక చుట్టు తిరిగే కాలంలో, 9 సెకన్ల తప్పు ఉందనుకో. 300 చుట్లు తిరిగేసరికి 45 నిమిషాలు. గంటసేపు జరిగే ట్రాన్సిట్‌కి ముప్పావు గంట ఆలస్యంగా వెళ్ళడం, పెళ్ళికి వెళ్ళి ఖాళీ కుర్చీలు లెక్కపెట్టడం లాంటిది. ఆ సమయం భూమి దగ్గరిదా, సౌరకుటుంబ కేంద్రం దగ్గరిదా అన్నదానిలోనే ఎనిమిది నిమిషాల దాకా తేడా ఉంటుంది. కొత్త కొలత ఏదైనా ఉందేమో వెతుకు. లేకపోతే నేల మీది టెలిస్కోప్ ఉన్నవాళ్ళని ఒక ట్రాన్సిట్ చూసిపెట్టమని అడుగు. అడగడానికి మొహమాటపడకు, నీకు ఆ గుణం మా నాన్న నుంచి వచ్చింది.

ఫలితం రాకపోతే ఎలా అని దిగులు పెట్టుకోకు. ట్రాపిస్ట్-1 బి అనే గ్రహం వేడిని వెబ్ అయిదుసార్లు కొలిచింది. దానికి దట్టమైన వాతావరణం ఉన్నట్టు లేదని 2023లో తేలింది. అందరూ దాన్ని ఫలితమనే అన్నారు. సరైన చోట చూసి ఏమీ లేదని చెప్పడం వేరు. నేను చూసిన గడ్డి వేరు.

నీకు ఆరేళ్ళప్పుడు మేడ మీద నా చిన్న టెలిస్కోప్‌లో శనిగ్రహం చూపించాను. పది లెక్కపెట్టేలోపు అది అంచుకి జరిగి మాయమైంది. "మావయ్యా, పారిపోయింది" అని ఏడ్చావు. అది పారిపోలేదు, మనం ఉన్న నేలే తిరుగుతోంది అంటే నమ్మలేదు. మళ్ళీ తిప్పి చూపించాను, మళ్ళీ పోయింది. ఆ రాత్రంతా నన్ను ట్యూబు జరిపిస్తూనే ఉన్నావు. నేను నిన్ను ఎక్కువ తిడుతున్నానని అనుకుంటే, ఆ రాత్రి నా నడుం నొప్పి లెక్కలో వేసుకో.

ప్రపోజల్ ఫైలు వచ్చే ఆదివారంలోపు నాకు పంపు. సైన్స్ భాగం నేను చదవను, నాకన్నా నీకే బాగా తెలుసు. టార్గెట్ పేజీ ఒక్కటి ప్రింట్ తీసి మీ అమ్మ చేతికివ్వు. వేలు పెట్టి అడుగుతుంది. ప్రతి దానికీ వోచరు దగ్గర పెట్టుకుని కూర్చో, విసుక్కోకు. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో తెలియక ఒక అరగంట వెతుకుతుంది, ఆ అరగంట కూడా లెక్కేసుకుని పిలు.

మీ మావయ్య